గీత పడ్డ బంతి

నయాఖిలా గోడ వెనక, పొద్దు పొడవకముందే
నడుము లోతు నీళ్లల్ల దిగి
కాలివేళ్లతోటి దేవులాడేటోన్ని.
బురదల కండ్లు పనిచెయ్యయి, వేళ్లు పనిచేస్తయి.
గుండ్రంగ తగిలితే బంతి,
వంకరగ తగిలితే నత్తగుల్ల,
మెత్తగ కదిలిందా,
ఒక్క దునుకుల గట్టు మీద ఉండేది.

తెల్లదానికి పది రూపాయలు, గీత పడ్డదానికి ఐదు.
పోగొట్టుకున్న సాబుకే మళ్ల అమ్మేది.
‘ఇది నాదేరా’ అని ఒక్కలన్న గుర్తువట్టకపోయేది.

పన్నెండో ఏట బ్యాగు భుజానికెత్తిన.
క్యాడీల పెద్ద ఖాజా మియా మొదటి దినమే చెప్పిండు:
నీ నీడ సాబు దారిల పడొద్దు.
గుంత కాడ నోరు లెవ్వొద్దు.
గాలెటున్నదని అడిగితే మాత్రం
అబద్ధమాడొద్దు బేటా.
ఇరవై రెండేండ్లు ఆడిన నేను
ఇంతకంటె ఎక్కువ ఎవ్వరి దగ్గర నేర్వలె.

మా అమ్మ అదే పచ్చిక మీద గొంతుకూసోని
దినం కూలికి కలుపు తీసేది.
ఆమె ముంజేతి మీద పచ్చబొట్టు:
మూడు చుక్కలు, కింద ఒక గీత.
ప్రొఫెషనల్ కార్డు చేతికొచ్చిననాడు
బంతి మీద నీ గుర్తేందని అడిగిన్రు.
ఆకుపచ్చ పెన్ను తీస్కోని అదే పెట్టిన.

ఇగ రైళ్లు.
చండీగఢ్, జంషెడ్‌పూర్, కోల్‌కతా.
బ్యాగును బెర్తు మీద పండవెట్టి
నేను కింద పేపరు పరుచుకొని పండేది.
రెండో దినం సాయంత్రం బోర్డు మీద ఒక గీత గీస్తరు.
గీత పైనున్నోడికి పైసలు,
కిందున్నోడికి ఇంటి తొవ్వ.
ఒక్క దెబ్బ తేడాతోటి కింద పడ్డది ముప్పై ఒక్కసారి.
ఈ లెక్క నాది కాదు,
సుగుణ రాసిపెట్టింది, కిరాణం పుస్తకం ఆఖరి పేజీల.

గెలిచినవా? రెండు.
ఒకటి వాన పడి నడుమనే ఆపేసిన పోటీ.
ఆ కప్పుకు మూతున్నదని
సుగుణ అందుల మెంతులు పోసుకున్నది.

మూడోది గూడ ఉండాల్సింది.
ఇక్కడనే, మన ఊర్లెనే.
ఆఖరి దినం, ఆఖరి గుంత, ఒక్క దెబ్బ ముందున్న.
కంచె అవతల అమ్మ, కొత్త చీర,
పచ్చిక మీదికి రమ్మంటే రాలె,
తొక్కితే పాడైతదట.
గాలెట్లుందిరా అని నా క్యాడీ పిలగాడు అంజిని అడిగిన.
ఎదురున్నదన్న, పెద్ద కర్ర తీయి, అన్నడు.
వాడు అబద్ధమాడలె.
నేనే ఇనలె.

చిన్న చప్పుడు. గంతే.
ఏ నీళ్లు నన్ను సాకినయో గా నీళ్లల్లనే.
నాలుగో స్థానం.
అమ్మ ఇంటికొచ్చినంక అడిగింది:
అంత దూరం కొట్టినవు గద, మళ్లెందుకు ఏడుస్తున్నవు?

ఇప్పుడు గచ్చిబౌలి దిక్కు, వలలు కట్టిన మైదానంల
సాఫ్ట్‌వేరు సార్లకు నేర్పుతున్న.
మోచేయి మడవొద్దు సార్. తల ఎత్తకుండ్రి సార్.
ఫోను పక్కకు పెట్టుండ్రి సార్.
అర్ధగంటకు ఇంతని.
తప్పేమున్నది, నెల నెలా పైసలొస్తున్నయి,
ఏ గీతా గియ్యకుండ.

మొన్న పాత గోడ దిక్కు పోయిన.
తడి నిక్కరు పిలగాడొకడు సంచి విప్పి చూపిండు.
పదన్నా, ఏది తీస్కున్నా పదే.
ఒకటి పసుపువారి ఉన్నది.
దాని మీద రెండు చుక్కలు, ఒక గీత తునక.
మూడో చుక్కనో బురద మరకనో
బొటనవేలితోటి ఎంత రుద్దినా తేలలె.
పన్నెండేండ్ల నీళ్లల్ల సిరా నిలుస్తదా?
అమ్మ పోయి ఆరేండ్లాయె.

గొంతు సవరించుకోని
బేరమాడిన, పాత అలవాటు:
గీత పడ్డదానికి ఐదే గదరా.

వాడు బంతిని నా చేతిలకెల్లి గుంజుకోని
ఎండకు పట్టి చూసిండు.
అది గీత కాదన్నా, అన్నడు,
ఎవరిదో గుర్తు.

పదిచ్చిన.
ఎడమ గట్టు కింద లోతుంటది, పోకురా అన్న.
వాడు ఇనకుండనే దిగిండు.